చిరు కసరత్తు: ఇంటి పట్టున కొద్దికొద్దిగా చేస్తే బలం పెరుగుతుందా?

జిమ్ముకు పోకుండా ఇంటి పట్టునే, ఒక్కో విడత రెండు నిమిషాలు మొదలు పావుగంట దాకా, వారంలో ఎక్కువ రోజులు కండరాలకు భారం పెట్టి చేసే వ్యాయామాన్ని ఈ వ్యాసంలో చిరు కసరత్తు అంటున్నాం. గోడకు చేతులానించి చేసే పుషప్, దండాలు, బస్కీలు, గుంజీళ్లు, గోడకుర్చీ, నీళ్ల బిందె ఎత్తి దించడం దీని కిందికి వస్తాయి. నడక, పరుగు, సైకిలు తొక్కడం ప్రధానంగా గుండెకూ ఊపిరికీ మేలు చేసేవి. ఇక్కడ మాట్లాడుకునేది కండబలం గురించి.

ఇంత కొద్దిసేపటికి బలం వస్తుందా అన్న సందేహానికి శాస్త్రం ఇస్తున్న జవాబు సూటిగానే ఉంది. వస్తుంది. కాకపోతే రెండు షరతులున్నాయి. చేసే పని కండరానికి నిజంగా కష్టంగా ఉండాలి. అలవాటయ్యేకొద్దీ ఆ కష్టాన్ని పెంచుతూ పోవాలి. ఈ రెండూ ఉంటే పది నిమిషాలు కూడా ఫలిస్తాయి, లేకపోతే గంటసేపు చేసినా బలం ఒక దశ దగ్గర ఆగిపోతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పడమటి మండలాల్లో చాలా పల్లెలకు జిమ్ము దూరం, తీరిక తక్కువ. అందువల్ల ఈ జవాబు ఇక్కడివారికి బాగా అక్కరకొస్తుంది.

పూర్వరంగం

ఇంట్లో ఉన్న జాగాలో, ఒంటి బరువుతో బలం పెంచుకోవడం తెలుగువారికి కొత్త కాదు. తాలింఖానాల్లో, గోదాల్లో సాధనకు పునాది దండాలు, బస్కీలే. సామానంటే సంగడాలు, గదలు, రాతి గుండ్లు. రాయలసీమ పల్లెల్లో పండగలకూ తిరునాళ్లకూ గుండు ఎత్తే పోటీలు పెట్టడం ఈ సంప్రదాయంలోదే. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఈ సాధనకు దేశమంతటా పేరు తెచ్చాడు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కస్ నడిపి, ఇనుప గొలుసులు తెంచడం, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకోవడం వంటి ప్రదర్శనలతో ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నాడు. 1942లో కన్నుమూశాడు. అయితే మల్లుల సాధన కొద్దిసేపటిది కాదు. ఏళ్ల తరబడి, రోజూ గంటల కొద్దీ సాగేది. ఆ కసరత్తులు మనకు వారసత్వంగా వచ్చాయి గానీ, వాటిని కొద్దిసేపట్లో ఇమిడ్చే పద్ధతి తర్వాతి కాలంలో రూపుదిద్దుకుంది.

ఆ పద్ధతికి తొలి ప్రచారకుల్లో ఒకరు పడమటి మండలాలకు పొరుగువాడే. కె.వి.అయ్యర్ 1897లో కోలారు జిల్లా దేవరాయసముద్రంలో పుట్టాడు. ఆ ఊరు పుంగనూరు వైపు సరిహద్దు దాటితే వచ్చే ముళబాగిలు తాలూకాలోది. బెంగళూరులో హెర్క్యులిస్ జిమ్నాజియం నడుపుతూ ‘మజిల్ కల్ట్’, ‘పర్ఫెక్ట్ ఫిజిక్’ వంటి పుస్తకాలు రాశాడు. వ్యాయామశాలకు రాలేనివారికి టపా ద్వారా ఇంటికే పాఠాలు పంపేవాడు. సూర్యనమస్కారాలను బరువుల సాధనతో జోడించడం ఆయన ప్రత్యేకత. అదే కాలంలో ఔంధ్ సంస్థానాధిపతి భవన్‌రావ్ పంత్ ప్రతినిధి సూర్యనమస్కారాలను ఇంటింటి దినచర్యగా ప్రచారం చేశాడు. అమెరికాలో ఛార్లెస్ అట్లాస్ పనిముట్లు లేని కసరత్తులను టపా పాఠాలుగా అమ్మి ప్రసిద్ధుడయ్యాడు.

1950ల చివర్లో కెనడా వాయుసేన కోసం బిల్ ఆర్బన్ అయిదు కసరత్తుల ప్రణాళిక తయారుచేశాడు. మొత్తం పట్టే సమయం రోజుకు 11 నిమిషాలు. మారుమూల స్థావరాల్లో, సామాను లేని చోట కూడా సైనికులు చేసుకోగలగాలన్నది దాని ఉద్దేశం. స్త్రీల కోసం 12 నిమిషాల ప్రణాళిక వచ్చింది. ఒక్కో మెట్టు దాటేకొద్దీ కసరత్తు కష్టమయ్యేలా పట్టికలు కట్టడమే ఆ పద్ధతిలోని తెలివి. ఇంటి వ్యాయామంలో చాలామంది మరిచిపోయేది సరిగ్గా ఆ మెట్లనే.

బలం ఎలా పెరుగుతుంది

బలానికి రెండు మూలాలున్నాయి. ఒకటి నరాల పనితనం, రెండోది కండ పరిమాణం. కొత్తగా కసరత్తు మొదలుపెట్టినవారికి తొలి వారాల్లో కండ పెద్దగా కనిపించకపోయినా బలం పెరుగుతుంది. మెదడూ వెన్నుపామూ కలిసి ఎక్కువ కండరపోగులను ఒకేసారి పనిలోకి దించడం, వాటిని వేగంగా పురిగొల్పడం, ఎదురు లాగే కండరాలను సడలించడం నేర్చుకుంటాయి. మొరిటాని, డి వ్రీస్ అనే పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనం తొలి దశలో నరాల పాత్ర, తర్వాతి దశలో కండ పెరుగుదల పాత్ర ఎక్కువని చూపింది.

నరాల నేర్పు అన్నది సాధనతో వచ్చే విద్య. తరచుగా చేస్తే త్వరగా పట్టుబడుతుంది. చిన్న విడతలు ఫలించడానికి ఒక కారణం ఇదే. కండ పెరుగుదల సంగతి కొంచెం వేరు. గట్టి కసరత్తు తర్వాత కండరంలో ప్రొటీన్ తయారీ ఒకటి రెండు రోజుల పాటు మామూలు కంటే ఎక్కువగా సాగి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. వారానికి ఒక్కరోజు మాత్రమే ఒళ్లు హూనం చేసుకునేవారి కండరం మిగతా రోజుల్లో ఊరికే ఉంటుంది.

రెండు మూలాలకూ వర్తించే సూత్రం ఒకటే: భారం క్రమంగా పెరగాలి. అమెరికన్ సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడిన సైనికుల మోకాళ్లకు బరువుల కసరత్తు చేయించి, బలం పెరిగేకొద్దీ బరువు పెంచుతూ పోయాడు. 1945లో ఆయన ప్రచురించిన ఈ విధానమే ఇప్పటి బలసాధనకు, ఫిజియోథెరపీకి పునాది. రోజూ అవే ఇరవై గుంజీళ్లు తీసేవారికి మొదటి నెలలో వచ్చిన లాభం ఆరో నెలలో రాదు. శరీరం ఆ పనికి సరిపడా బలం కూడగట్టుకున్నాక ఇంకా కూడగట్టాల్సిన అవసరం దానికి కనిపించదు.

పరిశోధనలు తేల్చినవి

అతి కొద్ది కసరత్తు మీద తొలి సంచలనం జర్మనీలో రేగింది. 1953లో హెట్టింగర్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు, గరిష్ఠ బలంలో మూడింట రెండు వంతులతో రోజుకు ఒక్కసారి ఆరు సెకన్లు కండరాన్ని బిగబట్టినా బలం వారానికి 5 శాతం దాకా పెరుగుతుందని ప్రకటించారు. తర్వాత జరిగిన పరీక్షల్లో అంత వేగం అందరిలోనూ కనిపించలేదు. కదలకుండా బిగబట్టినప్పుడు పెరిగే బలం చాలావరకు ఆ కీలు ఉన్న కోణానికే పరిమితమవుతుందని కూడా తెలిసింది. అయినా కొద్దిపాటి ప్రేరణకు కండరం స్పందిస్తుందన్న మూల విషయం నిలబడింది.

మన ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చిన పరీక్షలు 2022 నాటివి. ఆస్ట్రేలియాలోని ఎడిత్ కోవన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్ నొసాకా, జపాన్ పరిశోధకులతో కలిసి వీటిని జరిపాడు. ఒక పరీక్షలో మోచేతిని వంచే కండరాలకు పూర్తి బలంతో ఒకే ఒక్క మూడు సెకన్ల బిగింపును, వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు వారాలు ఇచ్చారు. బరువును నిదానంగా దించుతూ బిగించినవారికి బలం 10 శాతానికి పైగా పెరిగింది.

మరో పరీక్షలో జనాన్ని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టు రోజుకు ఆరు చొప్పున వారానికి అయిదు రోజులు, మొత్తం ముప్పై బిగింపులు చేసింది. రెండో జట్టు ఆ ముప్పైనీ ఒకే రోజున చేసింది. మూడో జట్టు వారానికి ఒక్కరోజు ఆరు మాత్రమే చేసింది. నాలుగు వారాలకు మొదటి జట్టులో బలమూ కండర మందమూ రెండూ పెరిగాయి. రెండో జట్టులో మందం కొంత పెరిగింది గానీ బలం చెప్పుకోదగ్గంత పెరగలేదు. మూడో జట్టులో రెండూ లేవు. మొత్తం పని సమానంగా ఉన్నా, దాన్ని రోజులకు పంచినవారే ఎక్కువ లాభపడ్డారు. అయితే ఇది కొద్దిమంది మీద, ఒకే కండర సమూహం మీద, ప్రయోగశాల యంత్రంతో జరిగిన పరీక్ష అని గుర్తుంచుకోవాలి.

ఇంటి వాతావరణానికి దగ్గరైన పరీక్షను ఆ విశ్వవిద్యాలయం వారే 2025లో ప్రచురించారు. కదలిక తక్కువ జీవితం గడిపే 22 మంది నాలుగు వారాలు రోజుకు అయిదు నిమిషాలు కసరత్తు చేశారు. కుర్చీలోకి నిదానంగా కూర్చోవడం, కుర్చీలో వెనక్కి నిదానంగా వాలడం, గోడ పుషప్, మడమలు దించడం, ఒక్కొక్కటి పదిసార్లు. మొత్తం శరీర బలం సుమారు 13 శాతం, ఆపకుండా చేయగలిగిన పుషప్‌ల సంఖ్య 66 శాతం పెరిగాయి. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం 2019లో వృద్ధులతో ఇళ్లలోనే రోజుకు రెండుసార్లు, విడతకు తొమ్మిది నిమిషాల కాళ్ల కసరత్తు చేయించింది. 28 రోజుల్లో కుర్చీ నుంచి లేచి కూర్చునే సంఖ్య సుమారు 30 శాతం పెరిగింది.

తరచుదనమా, మొత్తం పనా

నొసాకా పరీక్షను చూసి, తరచుదనం ఒక్కటే మంత్రమని అనుకోకూడదు. అనేక అధ్యయనాలను కలిపి లెక్కకట్టిన సమీక్షలు భిన్నమైన చిత్రం ఇస్తున్నాయి. బ్రాడ్ షోన్‌ఫెల్డ్, జోజో గ్ర్‌గిచ్ వంటి పరిశోధకులు 2016 నుంచి 2019 వరకు ప్రచురించిన విశ్లేషణల ప్రకారం, వారంలో చేసే మొత్తం పని సమానమైనప్పుడు దాన్ని ఎన్ని రోజులకు పంచారన్నది అంత పెద్ద తేడా తేదు. తరచుగా చేసేవారికి ఎక్కువ ఫలితం కనిపించడానికి ముఖ్య కారణం, వారు మొత్తం మీద ఎక్కువ పని చేయగలగడమే. 2021లో నార్వే పరిశోధకుల నాయకత్వంలో వచ్చిన ఒక సమీక్ష, తీరిక లేనివారు ఒక్కో కండర సమూహానికి వారానికి కనీసం నాలుగు సెట్లు చేయాలని సూచించింది. ఆగకుండా ఒక దఫాలో చేసే ఆవృత్తుల గుంపును సెట్ అంటారు.

ఈ రెండు రకాల ఫలితాలకూ పొత్తు కుదురుతుంది. రోజూ ఒక్కో కసరత్తు ఒక సెట్ చొప్పున చేసేవారికి వారానికి అయిదారు సెట్లు సమకూరతాయి. కనీస మోతాదు దాటినట్టే. ఒకేసారి ఇరవై సెట్లు చేయబోతే చివరి సెట్లు అలసటతో నీరసంగా సాగుతాయి. పంచుకుంటే ప్రతి సెట్టూ తాజా ఒంటితో గట్టిగా వస్తుంది. మర్నాడు ఒళ్లు నొప్పులతో మూలుగుతూ మానేసే బెడద కూడా తగ్గుతుంది. మానకుండా నెలల తరబడి సాగించగలగడమే చిరు కసరత్తుకున్న అసలు బలం.

ఒంటి బరువు చాలునా

పుషప్‌లో చేతుల మీద పడే భారాన్ని 2011లో ఎబ్బెన్ అనే పరిశోధకుడి బృందం కొలిచింది. మామూలు పుషప్‌లో ఒంటి బరువులో 64 శాతం చేతుల మీద పడుతుంది. మోకాళ్లు ఆనించి చేస్తే 49 శాతం. చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తు మీద పెడితే 41 శాతం, 30 సెంటీమీటర్ల ఎత్తు మీద పెడితే 55 శాతం. పాదాలనే 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 74 శాతం.

అరవై కిలోల మనిషికి లెక్క వేస్తే, అరుగు మీద చేతులు పెట్టి చేసే పుషప్ దాదాపు 25 కిలోలు నెట్టడంతో సమానం. నేల మీద చేస్తే 38 కిలోలు. పాదాలు అరుగు మీద పెడితే 44 కిలోలు. గోడ, అరుగు, మెట్టు, నేల అనే నాలుగు మెట్లతో రూపాయి ఖర్చు లేకుండా భారం పెంచుకునే నిచ్చెన ఇంట్లోనే సిద్ధంగా ఉంది. కాళ్లకు కూడా ఇలాగే: మంచం మీంచి లేవడం, చేతులు వాడకుండా పీట మీంచి లేవడం, పూర్తి బస్కీ, బిందె పట్టుకుని బస్కీ, ఒంటి కాలి మీద సగం బస్కీ.

స్పెయిన్‌లో 2015లో ప్రచురించిన అధ్యయనంలో రబ్బరు పట్టీ అదనపు భారంతో పుషప్‌లు చేసిన యువకులూ, బెంచ్‌ప్రెస్ బరువులు ఎత్తిన యువకులూ అయిదు వారాల్లో దాదాపు సమానంగా బలం పెంచుకున్నారు. రెండు జట్లకూ కష్టం ఒకే స్థాయిలో ఉండడమే అక్కడి కీలకం. పుషప్ ముప్పై నలభై సార్లు సులువుగా వచ్చే దశకు చేరినవారు సంఖ్య పెంచుకుంటూ పోతే ఓర్పు పెరుగుతుంది. బలం పెరగాలంటే భారం పెంచాలి.

ఇంటి సాధనలో తరచూ లోపించేది లాగే పని. నెట్టడానికి గోడా నేలా ఉన్నాయి, లాగడానికి ఏదీ ఉండదు. దూలానికో గట్టి చెట్టు కొమ్మకో వేలాడడం, బిందెను నడుము దాకా లాగడం, గుంజకు కట్టిన బలమైన తువ్వాలు పట్టుకుని వెనక్కి వాలి ఒంటిని దగ్గరకు లాక్కోవడం ఆ లోటు తీరుస్తాయి. దూలమైనా గుంజైనా గట్టితనం ముందు చూసుకోవాలి.

చేరలేని ఎత్తులు

చిరు కసరత్తుకు హద్దులున్నాయి. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు పెంచుకోవాలంటే భారీ బరువులతోనే సాధన చేయాలి. తక్కువ భారంతో అలసిపోయేదాకా చేసినా కండ పరిమాణం బాగానే పెరుగుతుంది గానీ, గరిష్ఠ బలం మాత్రం బరువైన సాధనతోనే ఎక్కువ పెరుగుతుందని 2017 నాటి సమీక్ష చెప్పింది. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది ఇనుప బార్‌తో, శిక్షకుల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి చేసిన సాధనతోనే. పోలీసు, సైన్యం ఎంపికలకు సిద్ధమయ్యే యువకులకు పరుగూ కావాలి, దశను బట్టి బరువులూ కావాలి.

ఇప్పటికే బాగా సాధన చేసినవారికి కొద్దిపాటి కసరత్తు కొత్త లాభం తక్కువ ఇస్తుంది. కానీ ఉన్నది నిలబెడుతుంది. 2011లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, పదహారు వారాలు గట్టిగా సాధన చేసిన యువకులు తర్వాత ఆ పనిలో తొమ్మిదో వంతు మాత్రమే, వారానికి ఒక్కరోజు చేసి, ముప్పై రెండు వారాల పాటు తమ కండను నిలుపుకున్నారు. పరీక్షల కాలంలోనో, సుగ్గి కాలంలోనో వ్యాయామం పూర్తిగా వదిలేయనక్కర్లేదని దీని అర్థం.

పడమటి మండలాల్లో

హార్స్‌లీ హిల్స్ అని లోకం పిలిచే ఏనుగు మల్లమ్మ కొండ కింద బి.కొత్తకోట, టమాటా మార్కెట్టుకు దేశమంతటా పేరున్న మదనపల్లె, పొట్టి ఆవుల జాతికి పుట్టిల్లయిన పుంగనూరు, కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల నడుమ కుప్పం. ఇక్కడ టమాటా, వేరుశనగ, మల్బరీ సాగు, పట్టుపురుగుల పెంపకం, పాడి, చేనేత ప్రధానమైన బతుకుతెరువులు. పొద్దున్నే పాలు పిండి, మల్బరీ ఆకు కోసి, టమాటా పెట్టెలు మోసేవారికి మళ్లీ కసరత్తు ఎందుకన్న ప్రశ్న సహజమే.

దానికి జవాబు పని తీరులో ఉంది. శ్రమ బలాన్నీ ఓర్పునూ కొంతవరకు ఇస్తుంది. ఆపైన భారం పెరగదు, పని మారదు. టమాటా కోసేవారు గంటల కొద్దీ నడుము వంచి ఉంటారు. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసేవారు మగ్గం ముందు కూర్చునే ఉంటారు. కొన్ని కండరాలు అరిగేదాకా పనిచేస్తే కొన్ని నిద్రపోతాయి. నడుం పట్టడం, మెడ నొప్పి, మోకాళ్ల నొప్పి ఇక్కడి నుంచే మొదలవుతాయి. అలాంటివారికి కావలసింది ఇంకాస్త శ్రమ కాదు, పనిలో వాడని కండరాలకు నిదానంగా, సరైన భంగిమలో పెట్టే భారం. వంగి పనిచేసేవారికి వీపునూ పిరుదులనూ బిగించే కసరత్తు, మగ్గం ముందు కూర్చునేవారికి లేచి కూర్చునే కసరత్తు ఎక్కువ మేలు.

కుప్పం నుంచి రైళ్లలో బెంగళూరు పనులకు వెళ్లి వచ్చేవారి కష్టం ఇంకో రకం. పొద్దున్నే బయల్దేరి చీకటి పడ్డాక ఇల్లు చేరేవారికి గంట తీరిక దొరకదు. చదువుకుని కంప్యూటరు ముందు కూర్చునే కొత్త తరం కూడా ఊళ్లలో పెరిగింది. నాలుగు ప్రాంతాల్లో జరిగి 2014లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మనదేశంలో సగానికి పైగా జనం తగినంత కదలడం లేదని, మొత్తం జనంలో తీరిక వేళ వ్యాయామం చేసేవారు పది శాతం లోపేనని తేల్చింది. అదే అధ్యయన పరంపర 2023లో దేశంలో 11.4 శాతం మందికి మధుమేహం ఉందని లెక్కకట్టింది. తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునే చోటు కండరమే గనుక, కండబలం పెంచుకోవడం మధుమేహాన్ని అదుపు చేయడంలో భాగం.

ఇంటి వ్యాయామం వల్ల అందరికంటే ఎక్కువ లాభపడేది స్త్రీలు. జిమ్ము ఉన్న ఊళ్లో కూడా అక్కడికి వెళ్లడానికి ఇల్లు, పిల్లలు, పశువులు, నలుగురి చూపులు అడ్డం వస్తాయి. తలుపు మూసుకుని పది నిమిషాలు చేసుకునే సాధనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మే 21 నుంచి జూన్ 21 వరకు నడిపిన యోగాంధ్ర కార్యక్రమం పల్లెల్లో కూడా చాప పరిచి సాధన చేసే అలవాటుకు ఊపు తెచ్చింది. ఆ అలవాటుకు కొంచెం భారం తోడైతే బలసాధన అవుతుంది.

చేసే పద్ధతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం చేయాలి. చిరు కసరత్తులో దాన్ని నాలుగు రకాల కదలికలుగా పంచుకోవచ్చు: కూర్చుని లేవడం, నెట్టడం, లాగడం, నడుము బిగించి నిలవడం.

ఒక రోజు బస్కీలు, పుషప్. మర్నాడు బిందె లాగడం, వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తడం. ఇలా మార్చుకుంటూ వారానికి అయిదారు రోజులు చేస్తే ఏ కండరానికైనా మధ్యలో ఒకరోజు విశ్రాంతి దొరుకుతుంది. ఒక్కో కసరత్తు రెండు సెట్లు, సెట్టుకు ఎనిమిది నుంచి పదిహేను సార్లు. ఆపేటప్పటికి ఇంకో రెండు మూడు సార్లు మాత్రమే చేయగలనన్నంత అలుపు ఉండాలి. పైకి లేవడం మామూలుగా, కిందికి దిగడం మూడు లెక్కపెట్టేంత నిదానంగా సాగాలి. దించేటప్పుడు కండరం ఎక్కువ భారం మోయగలదు కాబట్టి ఆ భాగాన్ని తొందరపడి వదిలేయకూడదు. పదిహేను సార్లు తేలిగ్గా వచ్చిన వారం తర్వాతి మెట్టుకు ఎక్కాలి.

వీలైనవారు రోజులో పని మధ్య పని మధ్య ఒక్కో సెట్ చేసుకోవచ్చు. పొయ్యి మీద సంగటి ఉడికేలోపు గోడ పుషప్‌లు, పాలకేంద్రానికి బయల్దేరే ముందు బస్కీలు అన్నట్టు ఉన్న అలవాటుకు జతచేస్తే మరుపు ఉండదు. ఎన్నిసార్లు చేశారో గోడ క్యాలెండరు మీద రాసుకుంటే భారం పెరుగుతోందో లేదో తేటగా తెలుస్తుంది.

వయసు మళ్లినవారికి

కండ కరిగిపోవడం వయసుతో వచ్చే పెద్ద నష్టం. నేల మీంచి లేవలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం, తూలి పడి తుంటి విరగడం దీని పర్యవసానాలే. మనదేశం సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరిశీలించిన ప్యూర్ అధ్యయనం 2015లో వెలువడింది. పిడికిలి పట్టు 5 కిలోలు తగ్గిన ప్రతి మెట్టుకూ మరణ ముప్పు 16 శాతం ఎక్కువగా ఉందని అది చూపింది.

ఈ బలహీనతకు ఇంటి కసరత్తే మందు అని గట్టిగా చెప్పగల ఆధారాలున్నాయి. న్యూజీలాండ్‌లో రూపొందిన ఒటాగో కార్యక్రమం వృద్ధులకు ఇంట్లోనే కాళ్ల బలం, తూలకుండా నిలిచే కసరత్తులు నేర్పి పడిపోవడాలను సుమారు మూడో వంతు తగ్గించింది. ఆస్ట్రేలియాలో లిండీ క్లెమ్సన్ బృందం కసరత్తుకు వేరే సమయం కేటాయించకుండా రోజువారీ పనుల్లోనే ఇమిడ్చింది. వస్తువు తీసుకునేటప్పుడు నడుము కాక మోకాళ్లు వంచడం, ఒంటి కాలి మీద నిలబడి పనిచేయడం లాంటివి. 2012లో ప్రచురించిన ఆ పరీక్షలో డెబ్బై ఏళ్లు దాటినవారిలో పడిపోవడాలు 31 శాతం తగ్గాయి. మన అవ్వలకూ తాతలకూ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చోవడం పదిసార్లు, గడపకు ఆనుకుని మడమలెత్తడం పదిసార్లు, పూటకోసారి మొదలుపెట్టిస్తే చాలు. పక్కన ఒక మనిషి ఉండాలి.

తిండి

కండ కట్టాలంటే ప్రొటీన్ కావాలి. ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. బలసాధన చేసేవారికి కిలోకు 1.6 గ్రాముల దాకా లాభం ఉంటుందని 2018 నాటి విశ్లేషణ చెప్పింది.

రాగిసంగటిలో కాల్షియం పుష్కలం గానీ, రాగుల్లో ప్రొటీన్ నూటికి ఏడు గ్రాములే. ఆ లోటు తీర్చేవి ఈ నేలలోనే పండుతున్నాయి. ఉలవల్లో నూటికి సుమారు 22 గ్రాములు, వేరుశనగల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఉలవ గుగ్గిళ్లు, అలసందలు, అనపకాయల కాలంలో పితికిన పప్పు, గ్లాసు పాలు, గుడ్డు వీటిలో ఒకటి రెండు ప్రతి పూటా కంచంలో ఉంటే డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పొడి చాలామందికి అక్కర్లేదు. పాలన్నీ కేంద్రానికి పోసి ఇంట్లో చుక్క మిగల్చని అలవాటు మారాలి.

జాగ్రత్తలు

రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. గోడకుర్చీ వంటి కదలని కసరత్తులు క్రమంగా చేస్తే రక్తపోటు తగ్గుతుందని 2023 నాటి పెద్ద విశ్లేషణ చెప్పింది. పై అంకె సగటున ఎనిమిది పాయింట్లు తగ్గింది. రెండు నిమిషాల చొప్పున నాలుగు విడతలు, వారానికి మూడు రోజులు సాధారణ పద్ధతి. అదుపులో లేని రక్తపోటు, గుండెజబ్బు, మధుమేహం వల్ల కంటిపొర దెబ్బతినడం, హెర్నియా ఉన్నవారూ గర్భిణులూ డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపాలి.

అలవాటు లేకుండా ఒక్కసారిగా వందల గుంజీళ్లు తీయడం, పిల్లలకు శిక్షగా తీయించడం ప్రమాదకరం. కండరపోగులు చిట్లి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయగలదు. తీవ్రమైన నొప్పి, వాపుతో పాటు మూత్రం ముదురు టీ రంగులో వస్తే ఆస్పత్రికి పోవాలి. మోకాళ్ల అరుగుదల ఉన్నవారు కసరత్తు మానకూడదు. తొడ కండరం గట్టిపడితే మోకాలికి ఆసరా పెరుగుతుంది. నొప్పి రాని లోతు వరకే కూర్చోవాలి.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయరోగులను ఆదరించిన శానటోరియం ఈ ప్రాంతానికి ఎన్నదగిన వైద్య వారసత్వం. క్షయ కండను తినేసే జబ్బు. చికిత్స సాగుతూ జ్వరం తగ్గి, బరువు పెరుగుతున్న దశలో, డాక్టరు సలహాతో మొదలుపెట్టే తేలికపాటి బలసాధన పోయిన కండను తిరిగి తెచ్చుకోవడానికి తోడ్పడుతుంది.

విలువ కట్టడం

కొత్తగా మొదలుపెట్టేవారికి, ఏళ్ల తరబడి కూర్చుని పనిచేసేవారికి, వృద్ధులకు చిరు కసరత్తు మంచి ఫలితం ఇస్తుంది. మధ్యస్థ బలం ఉన్నవారికి మెట్లు ఎక్కుతూ పోయినంత కాలం ఫలిస్తుంది. గరిష్ఠ బలం కోరే క్రీడాకారులకు ఇది చాలదు. పరిశోధనల్లో చాలావరకు విదేశాల్లో, కొద్దిమంది మీద, నాలుగు నుంచి పన్నెండు వారాల పాటు జరిగినవే. పొలం పని చేసే మన రైతు కూలీల మీద, నేతవారి మీద దీర్ఘకాలిక పరీక్షలు జరగాల్సిన అవసరం ఉంది. కుప్పంలో వైద్య కళాశాల, మండలాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఉన్న ఈ ప్రాంతం అలాంటి ప్రయత్నానికి అనువైనదే. రక్తపోటు, చక్కెర కొలిచినట్టే పిడికిలి పట్టునూ, కుర్చీ నుంచి ఎన్నిసార్లు లేవగలరన్నదాన్నీ కొలవడం మొదలుపెడితే, బలం తగ్గిపోతున్నవారు పడిపోకముందే తెలుస్తారు. వారికి మందుచీటీతో పాటు పది నిమిషాల కసరత్తు కూడా రాసివ్వవచ్చు.